గంగవాయిలి: కలుపులోంచి కంచంలోకి

తొలకరి పడి పదిహేను ఇరవై రోజులైతే మేడ్చల్, శామీర్‌పేట వైపు చెలకల్లో కలుపుతీత మొదలవుతుంది. వరుసగా కూర్చుని ముందుకు జరుగుతూ కలుపు తీసే ఆడవాళ్ల చేతులను కాసేపు గమనిస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పీకిన గడ్డి గట్టు మీదికి పోతుంది. గరిక, తుంగ, వయ్యారిభామ అన్నీ అటే. ఒక్క మొక్కకు మాత్రం మట్టి దులిపి కొంగులో వేసుకుంటారు. ఎర్రటి కాడ, చెంచాలాంటి దళసరి ఆకు, కొమ్మ చివర గోరంత కూడా లేని పసుపు పువ్వు. అదే గంగవాయిలి. ఆ రోజు కూలి రైతు ఇస్తాడు, ఆ రాత్రి కూర ఈ కలుపు ఇస్తుంది.

తెలంగాణలో గంగవాయిలి అన్నా, కోస్తాలో గంగపావిలి, పావిలికూర అన్నా, ఇంకొన్ని చోట్ల గంగపాయలకూర అన్నా మొక్క ఒక్కటే. వ్యవసాయ పుస్తకాలు దీన్ని కలుపు మొక్కల పట్టీలో రాస్తాయి. ప్రపంచంలోకెల్లా మొండి కలుపు మొక్కల మీద 1977లో లీరాయ్ హోమ్ బృందం వెలువరించిన ప్రసిద్ధ గ్రంథంలోనూ దీనికి చోటుంది. కానీ ఏథెన్స్ నుంచి ఇస్తాంబుల్ దాకా, బాగ్దాద్ నుంచి మెక్సికో దాకా దీన్ని ఇష్టంగా తిన్నారు, ఇప్పటికీ తింటున్నారు. మన పప్పుగిన్నెకు ఇంత పెద్ద బంధువర్గం ఉందని మనకే సరిగ్గా తెలియదు. ఆ బంధుత్వం చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు మొక్కను దగ్గరగా చూద్దాం. గంగవాయిలి నిలబడి పెరగదు. వేరు దగ్గర మొదలై నాలుగు దిక్కులా నేలకు అతుక్కుని పాకుతుంది. కాడ ఎర్రగా, నున్నగా, నీళ్లతో ఉబ్బి ఉంటుంది. గోటితో నొక్కితే పుటుక్కున విరుగుతుంది. ఆకులు కొమ్మ చివర గుత్తిగా చేరి ఉంటాయి, ఆ గుత్తి నడుమ పువ్వు. అయిదు పసుపు రేకులు. ఎండ బాగా కాసే పొద్దుటి పూట కొన్ని గంటలు విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు అసలు విచ్చుకోకపోవచ్చు. అందుకే రోజూ ఈ మొక్కను కోసుకునేవాళ్లలో కూడా పువ్వు చూసినవాళ్లు తక్కువ. ఇదే ప్రాంతంలో తంగేడు పసుపును ఎంతో దూరం నుంచే చూస్తాం, బతుకమ్మలో మొదటి వరుస పేరుస్తాం, రాష్ట్ర పుష్పంగా గౌరవిస్తాం. గంగవాయిలి పువ్వును ఎవరూ బతుకమ్మలో పేర్చరు. దాని గౌరవమంతా వంటింట్లోనే.

పువ్వు ముడుచుకున్నాక చిన్న కాయ తయారవుతుంది. ఆ కాయ పగలదు. కుంకుమ భరిణె మూతలా పైసగం ఊడి పడుతుంది. లోపల ఇసుకరేణువుల్లాంటి నల్లటి గింజలు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ల తరబడి పడి ఉండి, దుక్కి దున్నినప్పుడు వెలుతురు సోకగానే మొలుస్తాయి. పీకి గట్టున పడేసిన మొక్క కూడా వెంటనే చావదు. కాడలో దాచుకున్న నీటితో రోజుల తరబడి పచ్చగా ఉండి, గింజ కట్టే పని పూర్తి చేస్తుంది. వాన పడితే తెగిన ముక్క నుంచే వేరు దిగుతుంది. రైతుకు ఇది తలనొప్పి. ఇంట్లో కూరలేని మనిషికి మాత్రం ఇంతకంటే నమ్మకమైన చుట్టం లేదు.

పేరులో ఏముంది

ఈ మొక్కకు ప్రతి భాషలో వచ్చిన పేరు వెనక ఆ భాష మాట్లాడేవాళ్లు దాన్ని ఎక్కడ చూశారో, ఎలా తిన్నారో తెలుస్తుంది. పేర్ల చరిత్రే సగం వంట చరిత్ర.

తెలుగులో అసలు మాట పావిలి, దాని మరో రూపం పాయల. జడకు పాయలుంటాయి, ఏటికి పాయలుంటాయి; ఒక మొదలు నుంచి నాలుగైదు చీలికలుగా పారే దాన్ని పాయ అనడం మన అలవాటు. నేల మీద పాయలు పాయలుగా పరుచుకునే మొక్కకు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ముందున్న గంగ అంటే నీళ్లు. బోరు వేసినప్పుడు నీరు తగిలితే ‘గంగ పడ్డది’ అంటాం కదా, ఆ గంగే. తడిచోట్ల పెరిగే మొక్క, ఒంటినిండా నీరున్న మొక్క. ఇక పావిలి కాస్తా వాయిలి ఎలా అయింది? ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు అయినట్టే, గంగ పక్కన చేరిన పకారం వకారమైంది. గంగవావిలి నోట్లో నలిగి గంగవాయిలి అయిందని నా నమ్మకం. అయితే బాలింతల స్నానానికీ కీళ్లనొప్పుల కాపడానికీ వాడే వావిలి చెట్టు వేరు, దాన్నీ తెలంగాణలో వాయిలి అంటారు. రెంటికీ చుట్టరికం లేదు.

సంస్కృతంలో దీని పేరు లోణిక, లోణి. లవణం అనే మాటకు దగ్గరి బంధువు. ఆకు నోట్లో వేసుకుంటే పులుపుతోపాటు సన్నటి ఉప్పదనం తగులుతుంది, పేరు పెట్టినవాళ్ల నాలుక అబద్ధం చెప్పలేదు. చరక సంహిత సూత్రస్థానంలో శాకవర్గంలో లోణిక కనిపిస్తుంది. 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం చిన్న లోణి, పెద్ద లోణి అని రెండు రకాలను విడివిడిగా చెప్పింది. పొలంలో మన ఆడవాళ్లు కూడా అంతే చేస్తారు: సన్న ఆకుదాన్ని, పెద్ద ఆకుదాన్ని వేరుగా గుర్తుపడతారు. హిందీలోని లునియా, నోనియా ఈ లోణి సంతానమే. మరాఠీలో ఘోళ్, కన్నడలో గోణి సొప్పు. తమిళంలో పరుప్పుక్కీరై, అంటే పప్పులో వేసే కూర. తెలుగులోనూ కొన్ని చోట్ల పప్పుకూర అనే పేరుంది గానీ, చక్రవర్తికూరనూ పప్పుకూర అనేవాళ్లున్నారు కాబట్టి అంగడిలో ఆ పేరుతో అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం.

హైదరాబాదులో ఇంకో పేరు వినిపిస్తుంది: కుల్ఫా, ఖుల్ఫా. పాతబస్తీ ఇళ్లలో ఖుల్ఫే కీ భాజీ, మాంసంతో కలిపి వండితే ఖుల్ఫా గోష్. ఇది పారశీకంలోని ఖుర్ఫా నుంచి వచ్చిన మాట. ఇరాన్‌లో ఇవాళ్టికీ దాన్ని ఖుర్ఫే అనే పిలుస్తారు. బహమనీలు, 1518 నుంచి 1687 దాకా కుతుబ్‌షాహీలు, 1724 నుంచి 1948 దాకా ఆసఫ్‌జాహీలు — అన్ని శతాబ్దాలు కొలువులో, కచేరీలో పారశీకం నడిచిన నేల ఇది. కాగితాలతో పాటు కూరగాయల పేర్లు కూడా ఆ దారినే వచ్చాయి. మొక్క మాత్రం బయటి నుంచి తెచ్చుకున్నది కాదు, పేరు వచ్చేనాటికే ఇక్కడి చెలకల్లో ఉంది. అందుకే శామీర్‌పేట చెలకలో గంగవాయిలిగా కొంగులోకి చేరిన మొక్కే, నగరంలో ఇంకో వంటింటికి వెళ్లేసరికి కుల్ఫా అవుతుంది. రెండు పేర్లూ మనవే.

ఇక అరబ్బులు పెట్టిన పేరు చూడండి. బఖ్లతుల్ హంకా, అంటే తెలివిలేని కూర. ఎందుకా నింద? నలుగురు నడిచే దారిలో, నీళ్లు పారే కాలవలో మొలుస్తుందట, తొక్కుతారని కూడా తెలియకుండా. అలా అన్నవాళ్లే దాన్ని ఇష్టంగా తిన్నారు; లెబనాన్‌లో ఫత్తూష్ అనే పచ్చికూరల వంటకంలో ఈ ఆకు పడకపోతే రుచి లోపించిందంటారు. చైనావాళ్లకు ఆకు ఆకారం గుర్రం పళ్లలా కనిపించింది, మాఛీషియెన్ అన్నారు. ఫ్రెంచివాళ్లకు కోడిపాదం గుర్తొచ్చింది. వాళ్ల పూర్పియె అనే మాటకు మూలం అదే. ఆంగ్లంలో పర్స్‌లేన్.

శాస్త్రనామం పోర్చులకా ఒలెరేసియా. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ స్థిరపరిచాడు. మొదటి మాటకు లాటిన్‌లో చిన్న తలుపు అనే అర్థాన్ని పండితులు చెబుతారు, కాయ మీద ఊడే ఆ మూతను చూసి. రెండో మాటకు అర్థం కూరగా వండుకునేది అని. అంటే ఈ మొక్కను కలుపుల పట్టీలో రాసే ప్రతిసారీ, శాస్త్రవేత్త తన చేత్తోనే పక్కన ‘కూర’ అని కూడా రాస్తున్నాడు.

గ్రీకు దీవుల నుంచి వాల్డెన్ చెరువు దాకా

గ్రీసులోని సామోస్ దీవిలో హేరా దేవత గుడి తవ్వకాల్లో క్రీ.పూ. 7వ శతాబ్దపు పొరల్లో గంగవాయిలి గింజలు దొరికాయి. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీన్ని విత్తే కూరల్లో చేర్చాడు. అంటే అప్పటికే కోసుకోవడం దాటి నాటుకోవడం మొదలైంది. రోమన్ రచయిత ప్లినీ దీన్ని మందుగా మెచ్చుకుంటూ ఒక ముచ్చట రాశాడు: స్పెయిన్‌లో ఒక పెద్దమనిషి కొండనాలుక జబ్బుకు దీని వేరును దారంతో మెడలో కట్టుకుని తిరిగేవాడని. మందు మాట ఎలా ఉన్నా, మధ్యధరా తీరమంతా దీన్ని వదల్లేదు. టర్కీలో సెమిజోతు పేరుతో పెరుగులో, వెల్లుల్లితో కలిపి తింటారు. గ్రీసు పల్లెల్లో పచ్చిగానే టమాటా, ఉల్లిగడ్డతో కలుపుతారు.

అమెరికా ఖండాలకు దీన్ని యూరప్‌వాళ్లే మోసుకెళ్లారని చాలాకాలం అనుకున్నారు. కెనడాలోని క్రాఫర్డ్ సరస్సు అడుగు బురదలో కొలంబస్ కంటే ముందు కాలానికి చెందిన గంగవాయిలి పుప్పొడి, గింజలు దొరికాయని 1975లో పరిశోధకులు ప్రకటించడంతో ఆ అభిప్రాయం మారింది. మొక్కజొన్న పండించిన ఆదివాసీల పొలాల పక్కన అప్పటికే ఇది ఉంది. మెక్సికోలో వెర్దొలాగాస్ పేరుతో పంది మాంసంతో వండుకుంటారు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఉన్న మనవాళ్లకు గంగవాయిలి మీద మనసు పడితే వెతకాల్సింది భారతీయ దుకాణంలో కాదు, మెక్సికన్ అంగట్లో. ఆ పేరు తెలియక ఎదురుగా కట్టలున్నా దాటిపోయేవాళ్లు ఎందరో.

హెన్రీ డేవిడ్ థోరో సంగతి వేరు. మసాచుసెట్స్‌లోని వాల్డెన్ చెరువు ఒడ్డున గుడిసె వేసుకుని, మనిషి బతకడానికి నిజంగా ఎంత కావాలో తేల్చుకుందామని కూర్చున్న మనిషి ఆయన. తన మొక్కజొన్న చేలో కోసిన గంగవాయిలిని ఉడకబెట్టి, ఉప్పు వేసుకుని తిని తృప్తిగా భోజనం ముగించానని 1854లో వచ్చిన ‘వాల్డెన్’లో రాశాడు. గాంధీజీని ప్రభావితం చేసిన ఆలోచనాపరుల్లో థోరో ఒకరు. తక్కువతో నిండుగా బతకవచ్చని చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో మన కలుపుకూర ఒకటి కావడం నాకు ఎంతో సంతోషంగా అనిపిస్తుంది. ఆయన ప్రయోగంగా చేసిన పని, మన చెలకల్లో కూలి ఆడవాళ్లు తరతరాలుగా అవసరం కొద్దీ చేస్తున్నారు. వాళ్ల గురించి పుస్తకాలు రాలేదు.

పులుపు ఎక్కడిది

ఎండాకాలంలో తెల్లవారుజామున కోసిన గంగవాయిలి ఆకు ఒకటి, సాయంత్రం కోసిన ఆకు ఒకటి పక్కపక్కన పెట్టుకుని నమిలి చూడండి. పొద్దుటిది బాగా పుల్లగా ఉంటుంది. సాయంత్రానిది చప్పబడుతుంది. ఇది మన నాలుక భ్రమ కాదు. నీళ్లు కరువైనప్పుడు ఈ మొక్క పగలు ఆకు రంధ్రాలను మూసుకుంటుంది, లేకపోతే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది. రాత్రి చల్లబడ్డాక రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి, మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. ఆపిల్‌కు పులుపునిచ్చేది కూడా ఈ ఆమ్లమే. పొద్దెక్కాక ఆ నిల్వను ఖర్చు పెడుతూ పిండిపదార్థం తయారు చేసుకుంటుంది. అందుకే సాయంత్రానికి పులుపు తగ్గుతుంది.

నాగజెముడు, అనాస లాంటి ఎడారి స్వభావం మొక్కలు చేసే పని ఇది. మరోపక్క నీళ్లు సమృద్ధిగా ఉన్నప్పుడు గంగవాయిలి మొక్కజొన్న, చెరకు, జొన్న నడిచే వేగవంతమైన దారిలో ఆహారం తయారు చేసుకుంటుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదు. అవి వేర్వేరు కణాల్లో విడివిడిగా జరుగుతాయా అన్న ప్రశ్నకు 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జవాబు చెప్పారు: రెండూ ఒకే కణాల్లో కలగలిసి జరుగుతున్నాయి. కరువునూ వాననూ సమంగా తట్టుకునే పంటలను తయారు చేయాలనుకునేవాళ్లు ఈ మొక్క వైపు ఆశగా చూస్తున్నారు.

పోషకాల కథ కూడా గ్రీసు నుంచే మొదలైంది. ఆర్టెమిస్ సిమోపౌలోస్ గ్రీకు మూలాలున్న అమెరికన్ వైద్య పరిశోధకురాలు. గంగవాయిలిలో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఉందని ఆమె 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. మూడేళ్ల తర్వాత మరో సంగతి చెప్పారు: గ్రీసులో ఆరుబయట తిరిగి గడ్డీ గాదం, గంగవాయిలీ మేసిన కోళ్ల గుడ్లలో ఈ కొవ్వు, అమెరికా దుకాణాల్లో దొరికే గుడ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1992లో వెలువడిన ఆమె బృందం లెక్కల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో ఈ ఆమ్లం 300 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది, విటమిన్ ఇ సుమారు 12, విటమిన్ సి సుమారు 27 మిల్లీగ్రాములు. ఆకుకూరల్లో ఒమేగా-3కి ఇది చాలా పెద్ద అంకె. చేపల్లోని ఒమేగా-3, దీనిలోనిది ఒకే రకం కాదు. ఆకులోని దాన్ని మన శరీరం చేపల రకంగా మార్చుకునేది కొద్దిగానే. అందువల్ల చేపకు బదులు అనడం సరికాదు గానీ, శాకాహారికి చవకగా దొరికే మంచి వనరుల్లో ఇదొకటి అనడం ముమ్మాటికీ సరైనదే.

మేడ్చల్‌కు గంట ప్రయాణ దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. 2024లో అది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు పెద్దవాళ్లు రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినాలంటున్నాయి. పాలకూర, తోటకూర, మెంతికూర అనే మూడు పేర్ల మధ్యే తిరుగుతున్న నగర వంటింట్లో ఆ లెక్క పూర్తికావడం కష్టం. చేలో ఉచితంగా మొలిచేదాన్ని కూడా కలుపుకుంటే అంత కష్టం కాదు.

చెలకలో చోటు

ఇక మన నేల సంగతికి వద్దాం. మేడ్చల్ నాగపూర్ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడే దాకా ఇదంతా రంగారెడ్డి జిల్లా. ఎర్ర చెలకలు, బావులు, చెరువు కింద మళ్లు. జంటనగరాలకు కూరగాయలు, ద్రాక్ష అందించిన ప్రాంతం. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష 1890 ప్రాంతంలో హైదరాబాదుకు వచ్చాక నగరం చుట్టుపక్కల పందిళ్లు పెరిగాయి, ఈ వైపూ పెరిగాయి. పందిరి కింద తడి మట్టి, వేసిన ఎరువు — గంగవాయిలికి ఇంతకంటే ఏం కావాలి? టమాటా మడుల్లో, మిరప సాళ్లలో, బంతి తోటల్లో కూడా దానిదే రాజ్యం. ఇటువైపు కూరగాయలు బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళ్తాయి. ఆ బండ్లలో గంగవాయిలి కట్టలు కూడా ఎక్కేవి. 1999లో రైతుబజార్లు మొదలయ్యాక కూర తెచ్చిన ఆడవాళ్లే కూర్చుని అమ్ముకునే వీలు చిక్కింది.

ఇవాళ అదే నేల మీద 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు పోతుంది. శామీర్‌పేట దగ్గర నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ ప్రాంగణం, టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ ఉన్నాయి. ఇవన్నీ రాష్ట్రానికి కావలసినవే, వాటివల్ల వేలమందికి బతుకుదెరువు దొరికింది. వాటి వెంట వచ్చిన వెంచర్లు మాత్రం చెలకలను హద్దురాళ్లుగా మార్చేశాయి. ద్రాక్ష పందిళ్లు పోయాయి. మిగిలిన పొలాల్లో కూలి దొరకడం లేదని కలుపు మందు కొడుతున్నారు. రైతును తప్పుపట్టలేం, ఎకరం కలుపు తీయించే ఖర్చుకూ మందు డబ్బా ఖర్చుకూ పోలికే లేదు. అయితే మందు కొట్టిన చేలో కొంగు పట్టే పని ఉండదు.

మొక్క మాత్రం పోలేదు. అమ్ముడుపోని ప్లాట్లలో, ఫుట్‌పాత్ పలకల సందుల్లో, గోడల మూలల్లో ఇప్పటికీ పచ్చగా పరుచుకునే ఉంది. పోయింది కోసుకోదగ్గ చోటు. గంగవాయిలికి మట్టిలోని భార లోహాలను పీల్చి ఒంట్లో దాచుకునే గుణం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. లారీలు తిరిగే రోడ్డు పక్కన, కర్మాగారాల మురుగు పారే కాలవ ఒడ్డున, మందు కొట్టిన చేలో ఎంత లేతగా కనిపించినా కోయకూడదు. అంటే పేదవాడికి ఖర్చులేకుండా దొరికిన కూర, కళ్లెదుట ఉండి కూడా అందకుండా పోయింది. నా దృష్టిలో నగరం విస్తరించేటప్పుడు ఎవరూ లెక్క రాయని నష్టం ఇది. భూమి ధర కట్టారు, బావికి కట్టారు, చెట్టుకు కట్టారు. రోజూ కొంగులో ఇంటికి వెళ్లిన కూరకు ఏ కాగితంలోనూ వరుస లేదు.

లెక్క రాసిన చోటు ఒకటుంది. నగరానికి పడమట సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. 1983లో పి.వి. సతీష్, మిత్రులు ప్రారంభించిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ దళిత మహిళా సంఘాలతో కలిసి చిరుధాన్యాల సాగును నిలబెట్టింది. ఆ ఆడవాళ్లు విత్తకుండా వచ్చే కూరలను కూడా పంటగానే లెక్కించారు. తుమ్మికూర, దొగ్గలికూర, ఎలుకచెవికూర, పొన్నగంటి, గునుగు, గంగవాయిలి — పేరుపేరునా నమోదు చేయించారు, వండి పండగలు చేశారు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. సతీష్ 2023లో కన్నుమూశారు. మందు కొట్టని చేను ఉంటే కూరల పట్టీ ఎంత పొడవుంటుందో ఆ చెలకలు చూపించాయి. మేడ్చల్‌లో మిగిలిన పొలాల్లో ఆ పట్టీ రాయడానికి ఇంకా సమయం మించిపోలేదు. కలుపు తీసిన అవ్వలు ఇంకా ఉన్నారు.

పప్పులోకి

గంగవాయిలి వంటలో తొందరపాటు పనికిరాదు, ముఖ్యంగా కడగడంలో. నేలకు అతుక్కుని పెరిగిన మొక్క కాబట్టి ఆకు మడతల్లో ఇసుక ఉంటుంది. వేరు, ముదురు కాడ తీసేసి వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ముంచి, చేత్తో ఆడించి, కూరను పైకి తీయాలి. నీళ్లు వంపకూడదు, వంపితే ఇసుక మళ్లీ కూరకే అంటుకుంటుంది. మూడు నీళ్లు మార్చాక గిన్నె అడుగు చేత్తో తడిమి గరగర లేదని చూసుకోవాలి. లేత కాడలు పారేయొద్దు, అసలు రుచి వాటిలోనే ఉంది.

కందిపప్పు ముప్పావు ఉడికాక కూర, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ వేస్తారు. ముందే వేస్తే జిగురు తేలి పప్పు సాగుతుంది. చింతపండు సగమే చాలు, ఆకులో సొంత పులుపు ఉంది కదా. వేసవిలో అయితే చింతపండు మానేసి పచ్చి మామిడికాయ ముక్కలు. పప్పుగుత్తితో ఒక్కసారి తిప్పి, ఎల్లిగడ్డ రెబ్బలు దంచి, ఎండుమిర్చి, జీలకర్ర, ఆవాలతో పోపు పెడితే అయిపోయింది. అన్నంలోకి బాగుంటుంది. జొన్నరొట్టె తోడైతే ఇంకా బాగుంటుంది. పెసరపప్పు పొడిపొడిగా ఉడికించి కలిపే వేపుడు ఒకటుంది, పల్లీలు వేసి నూరే పచ్చడి ఒకటుంది. కోస్తాలో పులుసు పెడతారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాలకూరలాగే గంగవాయిలిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు. మిగిలినవాళ్లు పక్కన పెరుగో, మజ్జిగో పెట్టుకుంటే మంచిది. పెరుగుతో కలిపి తింటే ఒంటికి పట్టే ఆక్సలేటు తగ్గుతుందని 2009లో న్యూజిలాండ్ పరిశోధకులు తేల్చారు. టర్కీవాళ్లు పెరుగులో కలిపినా, మన పల్లెల్లో పప్పన్నం తర్వాత మజ్జిగ పోసుకున్నా జరిగేది ఇదే.

గుర్తుపట్టడంలో ఇంకో జాగ్రత్త. దీనిలాగే నేలకు పాకే నానబాలు జాతి మొక్కలు పక్కపక్కనే మొలుస్తాయి. కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు, నోట్లో పెట్టొద్దు. గంగవాయిలి కాడ తుంచితే వచ్చేది నీరే. అందానికి కుండీల్లో పెంచే రంగురంగుల టేబుల్ రోజ్ దీని చుట్టమే గానీ కూరకు వాడేది కాదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా రైతుబజార్లలో, వారపు అంగళ్లలో ఆకుకూరల అవ్వల దగ్గర గంగవాయిలి కట్టలు దొరుకుతాయి. పేరు పెట్టి అడగండి, అడిగేవాళ్లుంటేనే తెస్తారు. ఏ చేలోదో, మందు కొట్టిందో లేదో కూడా అడగండి, అవ్వ చెబుతుంది. ఇంటికి తెచ్చాక నాలుగు ముదురు కాడలు పక్కన పెట్టి, మిద్దె మీద పాత టబ్బులో మట్టి పోసి గుచ్చండి. పూట పూటా నీళ్లు పోయనక్కర్లేదు, ఎండ తగిలితే చాలు. నెల తిరక్కుండానే పప్పుకు సరిపడా కూర వస్తుంది, పొద్దున తొమ్మిది పది గంటలకు మిద్దె ఎక్కితే పసుపు పువ్వు కూడా కనిపిస్తుంది.